శుక్లం ఆపరేషన్‌కు లెన్సు ఎంచుకోవడం: ధరల కార్డు చూసే ముందు తేల్చుకోవలసినవి

శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా కంటి ఆసుపత్రి కౌన్సెలింగ్ గదిలో జరిగేది దాదాపు ఒకటే. ల్యామినేషన్ చేసిన కార్డు ఒకటి ముందు పెడతారు. ఓ పక్క లెన్సుల పేర్లు, ఓ పక్క ధరలు. "ఇది మన దేశంది, ఇది ఫారిన్‌ది, ఇది వేస్తే కళ్లజోడే అక్కర్లేదు" అని గబగబా చెప్పి ఏది వెయ్యమంటారని అడుగుతారు. వెంట వచ్చిన కొడుకో కూతురో "మా నాన్నగారికి మంచిదే వెయ్యండి" అనేస్తారు. మంచిదంటే ఖరీదైనదే అన్న లెక్కలో సంతకం పడిపోతుంది.

లెన్సు విషయంలో ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది. పవరు తప్పిన ఖరీదైన లెన్సు కన్నా పవరు సరిగ్గా కుదిరిన మామూలు లెన్సే మేలు. అందుకని వరస మార్చుకోండి. ముందు, కళ్లజోడు లేకుండా మీకు ఏ దూరం కనబడాలి? తర్వాత, కంటి కొలతలు సరిగా వచ్చాయా? ఆ తర్వాత, కంట్లో శుక్లం కాక వేరే తేడా ఏదైనా ఉందా? ధరల కార్డు ఆఖర్న చూడండి.

ఏ దూరం కావాలి

పుట్టుకతో వచ్చిన లెన్సు చిన్న వయసులో దగ్గరికీ దూరానికీ తనంతట తానే సర్దుకుంటుంది. నలభై దాటాక ఆ గుణం తగ్గుతుంది, చత్వారం వస్తుంది. శుక్లం తీసి పెట్టే మామూలు లెన్సును మోనోఫోకల్ అంటారు. అది ఒక్క దూరాన్నే స్పష్టంగా చూపిస్తుంది. ఆ దూరం ఏదో ఆపరేషన్‌కు ముందే అనుకుని పవరు లెక్కకడతారు. మీరేమీ చెప్పకపోతే దూరపు చూపుకే పెడతారు. అప్పుడు బస్సు మీది ఊరి పేరు కళ్లజోడు లేకుండా చదవగలుగుతారు, పేపరు చదవడానికి మాత్రం సుమారు +2.50 జోడు పెట్టుకోవాలి.

వ్యవసాయం చేసేవాళ్లకి, భావనపాడు, కళింగపట్నం తీరాల్లో వేటకు వెళ్లేవాళ్లకి, బండి నడిపేవాళ్లకి ఇదే సరైన ఏర్పాటు. కానీ పొందూరులో సన్న నూలు వడికే ఆవిడకి పొద్దస్తమానం కావలసింది మూర దూరంలో ఉన్న పోగు. ఆవిడ లెన్సును దూరానికి పెట్టి "దగ్గరికి జోడు వాడుకో అమ్మా" అంటే, ఆపరేషన్ బాగా జరిగినట్టే కాగితం మీద ఉంటుంది గాని ఆవిడకి పని జరగదు.

లెక్క తేలికే. పని చేసే చోట మామూలుగా కూర్చుని, కంటి నుంచి పని దాకా టేపుతో కొలిపించుకోండి. ఆ దూరాన్ని మీటర్లలోకి మార్చి, 1ని దానితో భాగించండి. 40 సెం.మీ. అంటే 0.40 మీటరు, కాబట్టి 2.50 వస్తుంది. డాక్టరుగారితో "ఆపరేషన్ అయ్యాక కంటి నంబరు మైనస్ 2.50 దగ్గర ఆగేలా పెట్టండి" అనవచ్చు. పలాసలో జీడిపప్పు గ్రేడింగు చేసేవాళ్లకి పప్పు అర మీటరు దూరంలో ఉంటే అది మైనస్ 2.00. బొబ్బిలిలో వీణ చెక్కే పనివాడు 60 సెం.మీ. దూరంలో చూస్తే మైనస్ 1.50కీ 1.75కీ మధ్య. ఇలా పెట్టించుకుంటే దూరానికి కళ్లజోడు తప్పదు, ఆ సంగతి ఇంట్లోవాళ్లకి కూడా ముందే తెలిసి ఉండాలి. లేకపోతే "ఆపరేషన్ చేయించినా జోడు పోలేదు" అన్న మాట పడుతుంది.

మరీ జాగ్రత్తపడవలసిన వాళ్లు ఎన్నో ఏళ్లుగా మైనస్ 2.50, 3.00 నంబరుతో ఉన్నవాళ్లు. వాళ్లు జోడు తీసేసి చదువుకోవడం అలవాటు చేసుకుని ఉంటారు. అలాంటివాళ్ల నంబరును సున్నాకి తెస్తే దూరం బాగుంటుంది గాని ఫోను, పంచాంగం, బియ్యంలో రాయి, సూదిలో దారం అన్నీ ఒక్కసారిగా మసక అవుతాయి. వాళ్లలో చాలామందికి పాత అలవాటునే ఉంచెయ్యడం మంచిది.

రెండు కళ్లకీ ఆపరేషన్ ఉంటే మధ్యేమార్గం ఒకటుంది. మెదడు ఎక్కువగా ఆధారపడే కంటిని దూరానికి, రెండోదాన్ని మైనస్ 1.25 నుంచి 1.50 మధ్యకి పెడతారు. దీన్ని మోనోవిజన్ అంటారు. మామూలు లెన్సులతోనే అవుతుంది, అదనపు ఖర్చు లేదు. ఫోను, కూరగాయలు తరగడం, ధరల చీటీలు జోడు లేకుండా గడిచిపోతాయి. సన్న అక్షరాలకి, రాత్రి బండికి జోడు పెట్టుకోవాలి. అందరికీ పడదు. రెండు కళ్ల మధ్య ఈ తేడాను ట్రయల్ ఫ్రేములో పెట్టించుకుని కాసేపు వరండాలో నడిచి చూడండి. కళ్లు తిరిగినట్టుంటే వద్దు.

"కళ్లజోడే అక్కర్లేదు" అనే లెన్సులు

ట్రైఫోకల్ లెన్సు కంట్లోకి వచ్చే వెలుగును మూడు దూరాలకి పంచుతుంది. దూరం, 60 నుంచి 80 సెం.మీ. దగ్గరి కంప్యూటరు, 40 సెం.మీ. దగ్గరి పుస్తకం మూడూ కనబడతాయి. పాన్‌ఆప్టిక్స్ లాంటివి ఈ రకం. కుదిరినవాళ్లకి నిజంగానే జోడు అవసరం చాలావరకు పోతుంది. కానీ ఉన్న వెలుగునే మూడు వాటాలు వేసినప్పుడు ఒక్కో వాటా తగ్గుతుంది గదా. మసక వెలుతురులో పదును తగ్గుతుంది, రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి. మెదడు అలవాటుపడడానికి కొన్ని నెలలు పడుతుంది, కొందరికి అలవాటు కాదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా జాతీయ రహదారి 16 మీద రాత్రిళ్లు లారీ నడిపే మనిషికి ఎదురు హెడ్‌లైటు చుట్టూ వలయం అంటే ప్రమాదమే. ఆయనకి ట్రైఫోకల్ వద్దు, డబ్బున్నా వద్దు.

షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లు, కంటి నడిమి చూపు తగ్గే మాక్యులా జబ్బున్నవాళ్లు, ముదిరిన గ్లాకోమా (నీటికాసులు) ఉన్నవాళ్లు, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద మచ్చ ఉన్నవాళ్లు, కళ్లు బాగా పొడిబారేవాళ్లు కూడా దూరంగా ఉండాలి. జబ్బు వల్ల అసలే తగ్గిన పదునును ఈ లెన్సు ఇంకొంచెం కోస్తుంది. ట్రైఫోకల్ వేయించుకోవాలనుకుంటే మాక్యులాకు ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను వెలుగుతో చూపించే పరీక్ష) అయ్యాకే ఒప్పుకోండి. శుక్లం దట్టంగా ఉంటే డాక్టరుకి వెనకున్న రెటీనా సరిగా కనబడకపోవచ్చు. అలాంటప్పుడు స్కాన్ లేకుండా ఖరీదైన లెన్సు అమ్మడం చీకట్లో బేరం.

వీటికీ మోనోఫోకల్‌కీ మధ్యలో రెండు రకాలున్నాయి. ఫోకస్ లోతు పెంచే ఈడాఫ్ లెన్సు దూరాన్నీ కంప్యూటరునీ చూపిస్తుంది, సన్న అక్షరాలకి చిన్న నంబరు జోడు కావాలి. వివిటీ ఈ కోవది. ఐహాన్స్ లాంటి మెరుగైన మోనోఫోకల్ మధ్య దూరంలో కొంచెం సాయం చేస్తుంది, వలయాలు దాదాపు మామూలు లెన్సులాగే తక్కువ. వంటింట్లో, కొట్లో పని ఉన్నవాళ్లకి ఇది మంచి రాజీ. దీంతో పేపరు కూడా చదివేస్తారని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

సిలిండర్ ఉన్న కళ్లకి టోరిక్

కార్నియా వంపు అడ్డంగా ఒకలా, నిలువుగా ఒకలా ఉంటే సిలిండర్ నంబరు వస్తుంది. దాన్ని సరిచేసేది టోరిక్ లెన్సు. పాత కళ్లజోడులోని సిలిండర్ చూసి టోరిక్ కావాలనుకోవద్దు. అందులో కొంత శుక్లం పట్టిన లెన్సుదే, అది ఆపరేషన్‌తో పోతుంది. కార్నియా కొలతలో తేడా 1.00 నుంచి 1.25 డయాప్టర్లు (లెన్సు పవరు కొలిచే ప్రమాణం) దాటితేనే ఆలోచించండి. వంపు ఏ దిక్కుగా ఉందన్నదాన్ని బట్టి ఈ గీత కొంచెం అటూఇటూ జరుగుతుంది.

టోరిక్‌లో పవరెంత ముఖ్యమో కోణమూ అంతే ముఖ్యం. లెన్సు ఒక్క డిగ్రీ తిరిగితే దాని పనిలో దాదాపు 3.3 శాతం పోతుంది. 10 డిగ్రీలు తిరిగితే మూడో వంతు పోయినట్టు. 30 డిగ్రీలైతే వేసి లాభం లేదు. మనిషి పడుకున్నప్పుడు కన్ను కొద్దిగా పక్కకి తిరుగుతుంది, కాబట్టి లెన్సు ఏ కోణంలో ఉండాలో చూపే గుర్తును మనిషిని కూర్చోబెట్టి పెట్టాలి, లేదా కెమెరాతో గుర్తుపట్టే యంత్రం ఉండాలి. "గుర్తు ఎలా పెడతారండీ" అని అడిగి చూడండి. ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో చూపు మసకగా ఉండి లెన్సు తిరిగినట్టు తేలితే, ఒకటి రెండు వారాల్లో మళ్లీ తిప్పి సరిచేస్తారు. నెలలు గడిచి లెన్సు చుట్టూ సంచి (పుట్టుకతో వచ్చిన లెన్సుకు ఉండే పలచని తొడుగు, కొత్త లెన్సును అందులోనే పెడతారు) బిగుసుకుపోతే ఆ పని కష్టమవుతుంది.

కొలతల చీటీ చదవడం

అసలు కీలకం ఇక్కడుంది, కౌన్సెలింగులో ఎవరూ ఎత్తని మాటా ఇదే. బయోమెట్రీ చీటీ (కంటి కొలతలు, వాటితో లెక్కకట్టిన లెన్సు పవరు ఉండే కాగితం) ఒక కాపీ అడిగి తీసుకోండి. ఉదాహరణకు కుడి కంటి చీటీ ఇలా ఉందనుకుందాం: కంటి పొడవు (ముందు నుంచి వెనక్కి) 23.20 మి.మీ., కార్నియా వంపు రెండు దిక్కుల్లో కె1 43.50, కె2 44.25, లెన్సు మోడల్‌ను బట్టి లెక్కలో వాడే అంకె ఏ-కాన్‌స్టంట్ 118.4. కింద చిన్న పట్టికలో రెండు నిలువు వరసలు ఉంటాయి. 20.5 ఎదురుగా +0.28, 21.0 ఎదురుగా −0.07, 21.5 ఎదురుగా −0.42, 22.0 ఎదురుగా −0.77.

ఎడమ అంకె లెన్సు పవరు. కుడి అంకె ఆపరేషన్ తర్వాత మిగిలే కళ్లజోడు నంబరు. దూరపు చూపుకైతే 21.0 గాని 21.5 గాని వేస్తారు. సున్నాకి దగ్గరగా రెండు వైపులా అంకెలుంటే డాక్టర్లు ప్లస్ వైపు పోరు. కొంచెం మైనస్ మిగిలితే దగ్గరి దూరం ఏదో ఒకటి స్పష్టంగా ఉంటుంది, ప్లస్ మిగిలితే ఏ దూరమూ స్పష్టంగా ఉండదు. ఈ చీటీలో కె1, కె2ల తేడా 0.75 మాత్రమే, కాబట్టి ఈ కంటికి టోరిక్ అమ్మజూపితే ఎందుకో అడగాలి.

పొడవు కొలతలో 1 మి.మీ. తప్పితే నంబరు దాదాపు 2.50 నుంచి 3.00 డయాప్టర్లు తప్పుతుంది. కార్నియా కొలతలో 1 తప్పితే నంబరూ దాదాపు 1 తప్పుతుంది. తప్పు ఎక్కువగా ఏ-స్కాన్ (అల్ట్రాసౌండ్‌తో కంటి పొడవు కొలిచే యంత్రం) ప్రోబును కంటికి ఆనించి కొలిచేటప్పుడు వస్తుంది. చెయ్యి కొంచెం నొక్కితే కార్నియా లోపలికి అణగి కన్ను పొట్టిగా చూపిస్తుంది, లెక్కలో ఎక్కువ పవరు వస్తుంది, ఆపరేషన్ తర్వాత దూరం మసకబారుతుంది. నీటి కప్పు పెట్టి, ప్రోబు తాకకుండా చేసే ఇమర్షన్ పద్ధతిలో ఈ తప్పు ఉండదు. వెలుగుతో కొలిచే ఆప్టికల్ బయోమీటర్ అన్నిటికన్నా మేలు. అయితే బాగా ముదిరిన శుక్లంలోంచి ఆ వెలుగు దూరదు, అలాంటి కంటికి ఇమర్షనే గతి. "పువ్వు బాగా ముదరనీ, చలికాలంలో చేయిద్దాం" అని ఆగేవాళ్లు మంచి కొలత అవకాశాన్ని చేతులారా వదులుకుంటున్నట్టే. ముదిరిన శుక్లం గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. ఉబ్బితే కంట్లో ఒత్తిడి కూడా పెరగవచ్చు.

చీటీ చేతికి రాగానే రెండు కళ్ల పొడవులూ పోల్చి చూడండి. తేడా 0.3 మి.మీ. దాటినా, కార్నియా అంకెల సగటులో తేడా 1 దాటినా మళ్లీ కొలవమనండి. చిన్నప్పటి నుంచి ఒక కంటికే నంబరు ఎక్కువున్నవాళ్లకి ఆ తేడా నిజమైనదే కావచ్చు, అయినా రెండోసారి కొలవడంలో నష్టం లేదు. కన్ను 22 మి.మీ. కన్నా పొట్టి అయినా 26 కన్నా పొడవు అయినా పవరు లెక్కకి ఏ ఫార్ములా వాడారో అడగండి. పాత ఫార్ములాలు ఇలాంటి కళ్ల దగ్గరే తడబడతాయి, బారెట్ యూనివర్సల్ 2 లాంటి కొత్తవి బాగా పనిచేస్తాయి.

ఏ-కాన్‌స్టంట్ అనేది లెన్సు మోడల్‌ను బట్టి మారుతుంది. ఒక కంపెనీ 21.0, ఇంకో కంపెనీ 21.0 ఒకటి కావు. ఆఖరి నిమిషంలో "ఆ లెన్సు స్టాకు లేదండీ, ఇది వేస్తాం" అంటే, దానికి పవరు మళ్లీ లెక్కకట్టారా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న.

కొలతకి వెళ్లే ముందు మెత్తటి కాంటాక్ట్ లెన్సు కనీసం వారం రెండు వారాలు, గట్టిది మూడు వారాలైనా ఆపాలి. చుక్కలు వెయ్యకముందే, ఒత్తిడి చూడకముందే కార్నియా కొలవాలి. ఎప్పుడైనా లాసిక్ చేయించుకుని ఉంటే తప్పకుండా చెప్పండి, పాత రికార్డు దొరికితే తీసుకెళ్లండి. కార్నియా వంపు మారిన కంటికి మామూలు ఫార్ములా వాడితే పవరు తప్పుతుంది.

ఎండ, గాలి, దుమ్ము తగిలే పనిలో ఉన్నవాళ్లకి తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి కండ పాకడం మన తీరంలో తరచూ చూస్తాం. టెరీజియం అంటారు. అది కార్నియాను లాగి వంపు మార్చేస్తుంది. కండ పెద్దదైతే ముందు దాన్ని తీయించి, కొన్ని వారాల నుంచి నెలలు ఆగి, కొలతలు నిలకడకి వచ్చాకే లెన్సు పవరు తేల్చాలి. రెండూ ఒకేరోజు అయిపోతే బస్సు ఛార్జీ కలిసొస్తుంది, నంబరు మాత్రం తేడా రావచ్చు.

డాక్టరుకి తప్పకుండా చెప్పవలసినవి ఇంకో రెండున్నాయి. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ మాత్రలు వాడుతుంటే, లేదా ఎప్పుడో వాడి ఉన్నా చెప్పండి. వాటివల్ల ఆపరేషన్‌లో కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర (ఐరిస్) వదులుగా కొట్టుకుంటుంది. ముందే తెలిస్తే సర్జన్ సిద్ధంగా ఉంటారు. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లు క్రియాటినిన్ రిపోర్టు, డయాలిసిస్ రోజులు చెప్పాలి. ఆపరేషన్ తర్వాత కంట్లో ఒత్తిడికి ఇచ్చే అసిటాజోలమైడ్ మాత్ర, కొన్ని నొప్పి మాత్రలు వాళ్లకి పనికిరావు.

గట్టి లెన్సు, మడత లెన్సు

1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి కంట్లో లెన్సు పెట్టినప్పుడు వాడింది పీఎంఎంఏ అనే గట్టి ప్లాస్టిక్. అది ఇప్పటికీ వాడకంలో ఉంది. మడత పడదు గనుక దాదాపు 6 మి.మీ. దారి కావాలి. మడత పెట్టే అక్రిలిక్ లెన్సు 2.2 నుంచి 2.8 మి.మీ. కోతలోంచి లోపలికి వెళ్లి విచ్చుకుంటుంది. ఈ చిన్న కోత ఆపరేషన్‌ను ఫేకో అంటారు. మన ఊళ్లలో దాన్నే "లేజర్ ఆపరేషన్" అంటుంటారు, నిజానికి అందులో శుక్లాన్ని కరిగించేది అల్ట్రాసౌండ్.

క్యాంపులో ఉచితంగా ఎస్‌ఐసీఎస్ (కాస్త పెద్ద కోతతో శుక్లాన్ని చేత్తో తీసే, సాధారణంగా కుట్లు అక్కర్లేని ఆపరేషన్) పద్ధతిలో గట్టి లెన్సు వేశారని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మదురైలో 1992లో మొదలైన ఆరోల్యాబ్ సంస్థ లెన్సులను చవకగా తయారుచేశాకే మన పల్లెల్లో ఇన్ని ఆపరేషన్లు సాధ్యమయ్యాయి. ఆ పద్ధతిలో సిలిండర్ కాస్త ఎక్కువ మిగలొచ్చు, గాయం మానడానికి కొంచెం ఎక్కువ కాలం పడుతుంది. రాయిలా గట్టిపడిన గోధుమరంగు శుక్లానికైతే ఫేకో కన్నా అదే కార్నియాకు క్షేమం కావచ్చు. ఆ దారిలో మడత లెన్సు కూడా పెట్టవచ్చు.

మడత లెన్సుల్లో హైడ్రోఫోబిక్ (నీటిని పెద్దగా పీల్చనిది), హైడ్రోఫిలిక్ (నీటిని పీల్చుకునేది) అని రెండు రకాలు. అంచు పదునుగా చదరంగా ఉన్న హైడ్రోఫోబిక్ లెన్సుతో, దాని వెనకుండే సంచి పొర మసకబారడం తక్కువ. అదనంగా డబ్బు పెట్టగలిగితే ముందు దీనికే పెట్టండి. పసుపు రంగు లెన్సు రెటీనాను కాపాడుతుందన్న మాటకి గట్టి ఆధారం లేదు. ఇప్పటి లెన్సుల్లో దాదాపు అన్నీ అతినీలలోహిత కిరణాలను ఎలాగూ ఆపుతాయి.

సంతకానికి ముందు, ఆపరేషన్ తర్వాత

ప్యాకేజీలో ఏమేమి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి: లెన్సు కంపెనీ, మోడల్, చుక్కల మందులు, తర్వాతి చెకప్పులు. ఆరోగ్య సంజీవని అనే ఆరోగ్య బీమా పాలసీ ఉంటే శుక్లానికి 24 నెలల వెయిటింగ్ ఉంటుంది. ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000 రూపాయలు, ఏది తక్కువైతే అది ఇస్తారు. మిగతాది మీ జేబులోంచే.

ఇంకో ప్రశ్న అడగండి: "వెనక సంచి చిరిగితే వెయ్యడానికి వేరే లెన్సు సిద్ధంగా ఉందా?" ఎంత చెయ్యి తిరిగిన సర్జన్‌కైనా ఇది అప్పుడప్పుడు జరుగుతుంది. అప్పుడు ఒకే ముక్కగా ఉన్న అక్రిలిక్ లెన్సును సంచి ముందు పెట్టకూడదు, అది ఐరిస్‌ను రాపాడుతుంది. మూడు ముక్కల లెన్సు కావాలి, పవరు సాధారణంగా అర నుంచి 1 డయాప్టరు తగ్గించాలి. అలా జరిగితే ముందు అనుకున్న ట్రైఫోకల్, టోరిక్ కుదరకపోవచ్చు. ఆ డబ్బు తిరిగి ఇస్తారా లేదా అన్నది కూడా ముందే మాట్లాడుకోండి.

డిశ్చార్జి కార్డు మీద లెన్సు డబ్బా స్టిక్కరు అంటించి ఉండాలి. కంపెనీ, మోడల్, పవరు, సీరియల్ నంబరు, గడువు తేదీ అందులో ఉంటాయి. బయోమెట్రీ చీటీలో ఎంచిన పవరు, స్టిక్కరు మీది పవరు ఒకటేనా చూడండి. తేడా ఉంటే కారణం కార్డు మీద రాయమనండి. స్టిక్కరు అంచులు నలిగి ఊడిపోతుంటాయి, అందుకని ఆ రోజే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

ఫేకో అయితే సుమారు 4 వారాలకి, ఎస్‌ఐసీఎస్ అయితే 6 వారాలకి కొత్త కళ్లజోడు రాస్తారు. అంతకు ముందు కొనేసిన జోడు నంబరు మారి దండగవుతుంది. నెలలకో ఏళ్లకో చూపు మళ్లీ మసకబారితే "లెన్సు పాడైపోయింది" అంటారు గాని, సాధారణంగా లెన్సు వెనకుండే సంచి పొర మసకబారి ఉంటుంది. యాగ్ లేజర్‌తో కూర్చున్నచోటే నిమిషాల్లో తీసేస్తారు, లెన్సు మార్చనక్కర్లేదు.

రెండో కంటికి వేరే ఆసుపత్రికి వెళ్తే మొదటి కంటి స్టిక్కరు, బయోమెట్రీ చీటీ, ఇప్పుడు వాడుతున్న కళ్లజోడు నంబరు మూడూ పట్టుకెళ్లండి. మొదటి కంట్లో సున్నా అనుకుని మైనస్ 0.75 మిగిలితే, రెండో కంటి లెక్కలో ఆ తేడాలో దాదాపు సగం సర్దుతారు.